అమ్మణ్ణిగారి నలుగుపిండి

తువ్వాలు మడతపెట్టడం కూడా ఒక విద్యేనని గీతాంజలి మేడం నమ్మకం. అంచులు లోపలికి పోవాలి, వేడినీళ్లలో ముంచి పిండాక చుక్క కారకూడదు, కస్టమరు మెడ కింద పెడితే ముడత తగలకూడదు. లహరికి ఆ విద్య చేరిన వారంలోనే వచ్చేసింది. తరవాత నెలలు గడిచినా మేడం ఆమెను తువ్వాళ్ల దగ్గర్నుంచి ముఖాల దగ్గరికి రానివ్వలేదు. నందిగామలో మందుల షాపు పైన, చర్మ సంరక్షణ నిపుణులను తయారుచేస్తామని పెద్ద బోర్డు పెట్టిన ఆ అకాడమీలో లహరి నేర్చుకున్నవి రెండే పనులు. ఒకటి తువ్వాలు మడతపెట్టడం, రెండోది బల్ల మీద కదలకుండా పడుకోవడం.

పడుకోవడం ఎందుకంటే, ఎవరు ఏది నేర్చుకోవాలన్నా ఎదురుగా ఒక ముఖం ఉండాలి కదా. బ్యాచిలో అందరికంటే లహరి ఒక చాయ తక్కువ. బుగ్గల మీద పాత మొటిమల మచ్చలు కూడా ఉన్నాయి. నీ మీద అయితే తేడా బాగా తెలుస్తుందమ్మా అని మేడం మొదటిరోజే మెచ్చుకున్నట్టుగా అని, ఆమెను బల్ల ఎక్కించింది. దించడం మర్చిపోయింది. కంచికచర్ల నుంచి వచ్చే జాయిస్ లహరి ముక్కు మీదే బ్లాక్‌హెడ్స్ తియ్యడం నేర్చుకుని, ఇప్పుడు కస్టమర్లకు సొంతంగా చేస్తోంది. లహరి ముక్కు మాత్రం వారంలో నాలుగు రోజులు ఎర్రగానే ఉంటుంది. అకాడమీ ఫోన్‌లో ఆమె ఫోటోలు బోలెడు. "ముందు" అని రాసిన వైపూ ఆమే, "తరవాత" అని రాసిన వైపూ ఆమే. రెంటికీ మధ్య జరిగిందల్లా ఎవరో లేచి కిటికీ తెర పక్కకు లాగడం.

నేనెప్పుడు చెయ్యాలి మేడం అని అడిగితే, ముందు చేయించుకోవడం తెలిస్తే చెయ్యడం దానంతటదే వస్తుందని మేడం వేదాంతం చెప్పేది. ఆ వేదాంతం జాయిస్‌కి ఎందుకు వర్తించలేదో అడగాలని లహరికి నాలిక చివరిదాకా వచ్చేది. అప్పటికి ముఖాన ప్యాక్ పూసేసేవాళ్లు, నోరు తెరిస్తే పగుళ్లిస్తుంది.

జగ్గయ్యపేటలో ఇంటికి చేరితే ఇంకో రకం చిరాకు. తల్లి దుర్గాంబ చుట్టాలందరికీ కూతురు స్కిన్ డాక్టరు కోర్సు చేస్తోందని చెప్పిపెట్టింది. ఆ కబురు నమ్మి రత్తయ్య బాబాయి సోమవారం పొద్దున్నే దిగాడు. లహరి ఇడ్లీ తింటుండగా లుంగీ పైకెత్తి పిక్క మీద తామర చూపించాడు. తను డాక్టరు కాదని, ఆసుపత్రిలో చూపించుకోమని ఆమె ఓపిగ్గానే చెప్పింది. సరే వెళతాలే అంటూనే, మరి ఇన్నాళ్లుగా రోజూ బస్సెక్కి పోయి ఏం నేర్చుకుంటున్నట్టని ఆయన తిరిగి అడిగాడు. అడగడంలో తప్పేమీ లేదు. లహరి దగ్గర జవాబు లేకపోవడమే తప్పు.

మంగళవారం మధ్యాహ్నం మేడం లోపలి గదికి పిలిచింది. లహరి అలవాటుకొద్దీ జుట్టుకు బ్యాండు పెట్టేసుకుని, పడుకోవడానికి సిద్ధపడే వెళ్లింది. మేడం అది చూసి నవ్వి కూర్చోమంది. జగ్గయ్యపేటలో బ్రాంచి తెరుస్తున్నానని, గది కూడా చూసొచ్చానని చెప్పింది. అక్కడ ఊళ్లో పిల్లయితేనే మనుషులు నమ్మి వస్తారు కాబట్టి బ్రాంచి లహరే చూసుకోవాలంది. శనివారం సర్టిఫికెట్లిస్తారు, అందులో ఆమెదీ ఉంటుంది. అయితే ఈలోగా తన కళ్లెదుట ఒక పీల్ చేసి చూపించాలి. రేపు ఒక పెళ్లికూతురు వస్తోంది, ఆమెకే.

ఊళ్లోనే పని. బోర్డు కింద తను, బల్ల మీద ఇంకెవరో. ఆ సాయంత్రం సీటు దొరక్క చిల్లకల్లు దాకా నిలబడే వచ్చినా లహరికి కాళ్లనొప్పి తెలియలేదు. ఇంట్లో చెప్పగానే దుర్గాంబ చేతిలో గరిటె చేతిలో ఉండగానే పక్కింటికి వెళ్లి చెప్పేసింది. తండ్రి తిరుపతిరావు మాత్రం కాయితం చేతికొచ్చాక చెప్పండర్రా అని మిరపచేను సంగతుల్లోకి వెళ్లిపోయాడు. ఆయనకు ఏదైనా కల్లంలో పడ్డాకే పంట.

*

పెళ్లికూతురి పేరు అపూర్వ. హైదరాబాదులో ఉద్యోగం, ఆదివారం పెళ్లి. వెంట తల్లి కామేశ్వరి వచ్చింది. పిల్లది చక్కటి గోధుమరంగు. ఆ రంగుకి ఏం తక్కువైందో లహరికి అర్థం కాలేదు. పెళ్లికొడుకు ఇంకా తెల్లగా ఉంటాడట, ఫోటోల్లో పక్కపక్కన నిలబడితే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుందని తల్లి దిగులు. ఇంట్లో ఫేషియల్ అని మాత్రమే చెప్పామని, మావారు రిటైరైన హెడ్మాస్టరని, ఇలాంటివి ఆయనకు గిట్టవని ఆవిడ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

లహరి చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కుంది. అపూర్వ ముఖం శుభ్రం చేసి, కంటి కొసలకూ ముక్కు పక్కలకూ పెదవుల అంచులకూ వాజెలైన్ అద్దింది. అక్కడ చర్మం మరీ పలచన, పీల్ ద్రవం చేరితే కాలుతుంది. పీల్ అంటే చర్మం పై పొరను కొద్దికొద్దిగా ఊడదీసే ఆమ్లం. అది చేశాక కొన్నాళ్లు ముఖం చంటిపిల్ల ముఖంతో సమానం. ఎండ పనికిరాదు, రాపిడి అసలే పనికిరాదు. గాజుగిన్నెలో ద్రవం పోసి, బ్రష్ పట్టుకుని, లహరి ఒకసారి మేడం వైపు చూసింది. మేడం తలూపింది.

"రేపు పొద్దున్న నన్ను పెళ్లికూతుర్ని చేస్తున్నారండి," అంది అపూర్వ కళ్లు మూసుకునే. "నలుగు పెడతారు. పరవాలేదు కదా?"

లహరి బ్రష్ పక్కన పెట్టేసింది. అకాడమీలో చదివించే పుస్తకం ఎక్కడో బొంబాయిలో అచ్చయింది. అందులో ఎండ గురించి ఉంది, మందుల గురించి ఉంది, మగవాళ్ల షేవింగ్ గురించి కూడా ఉంది. నలుగు గురించి ఒక్క ముక్క లేదు. ఉండక్కర్లేదు కూడా. పసుపూ పెసరపిండీ కలిపి, నూనె రాసిన ఒంటికి పట్టించి, మురికి ఉండలు కట్టి రాలేదాకా నలిచే పని అది. దాని సంగతి లహరికీ తెలుసు, మేడంకీ తెలుసు, బల్ల మీద పడుకున్న పిల్లకీ తెలుసు.

ఆమె మేడంను పక్కకు పిలిచి చెప్పింది. మేడం నుదురు చిట్లించి, అయితే ముఖానికి పెట్టొద్దని ఇంట్లో చెప్పుకోమంది. ఆ మాటకి కామేశ్వరి నవ్వింది గాని అందులో సంతోషమేమీ లేదు.

"మా అత్తగారికి చెప్పడమా అండి? పెళ్లికూతురికి నలుగొద్దంటే ఇంకేమైనా ఉందా? అశుభమని మంచమెక్కుతుంది, పెళ్లయ్యేదాకా మంచినీళ్లు ముట్టదు. నెల్లాళ్ల నుంచి ఎండబెట్టుకుంటోంది ఆ దినుసులన్నీ. ఆవిడతో ఎవరు పడతారు?"

పోనీ నలుగయ్యాక శుక్రవారం చేద్దామంటే అదీ వీలుకాదు. పెళ్లికూతుర్ని చేశాక పిల్లని గడప దాటనివ్వరు. ఇంటికొచ్చి చేద్దామంటే ఇంటినిండా చుట్టాలు, హెడ్మాస్టరుగారు. పెళ్లయ్యాక చేయించుకుంటే ఇక ఫోటోలకేం లాభం? ఎటు తిప్పినా అది ఆ బుధవారం మధ్యాహ్నానికే వచ్చి ఆగింది. మేడం గడియారం చూసుకుంది. పైపైన రాయించుకోండమ్మా, గట్టిగా రుద్దనివ్వకండి, అంతే, అని తేల్చేసి, కానియ్యి లహరీ అంది.

వద్దు మేడం అంటే సరిపోయేది. అది గొంతులోకి వచ్చింది కూడా. కాని ఇవాళ వద్దంటే శనివారం లేదు. శనివారం లేకపోతే మళ్లీ బల్ల, మళ్లీ కిటికీ తెర, మళ్లీ ఎవరి చేతి కిందో తన ముక్కు. ఇన్నాళ్లకు చేతికొచ్చిన బ్రష్. లహరి దాన్ని గిన్నెలో ముంచింది.

ముందు నుదురు, తరవాత బుగ్గలు, ముక్కు, గడ్డం. ఒకసారి రాసిన చోటికి మళ్లీ వెళ్లకుండా, చేత్తో ఒక్క గీతలా లాగింది. మంట ఎలా ఉందని అడుగుతూ, ఒంటి చేత్తో చిన్న ఫ్యాను విసురుతూ, మేడం చెప్పిన సమయానికి ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా ఆమ్లం ఘాటును విరిచేసి, చల్లటి నీళ్లతో తుడిచింది. తడబడలేదు. తన చేతులు తనకే కొత్తగా అనిపించాయి. అపూర్వ ముఖం కడిగిన పండులా నిగనిగలాడింది. కామేశ్వరి కూతురి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది. బ్రాంచికి అద్దాలు కూడా కొనేశానే అని మేడం లహరి చెవిలో చెప్పింది.

మెట్ల దాకా వచ్చి లహరి అపూర్వతో, రేపు ముఖం మీద ఏదీ పెట్టనివ్వకండి, మామ్మగారికి మీరే చెప్పండి అంది. సరేనండి అంది అపూర్వ. ఆ సరే ఎలాంటిదో లహరికి తెలుస్తూనే ఉంది. రత్తయ్య బాబాయి ఆసుపత్రికి వెళతానని చెప్పిన సరే కూడా అలాంటిదే.

*

గురువారం లహరి అకాడమీ మెట్లెక్కుతుండగానే లోపల్నుంచి మేడం గొంతు వినపడింది. ఫోన్లో అవతలి మనిషిని సముదాయిస్తోంది, మధ్యమధ్య ఇటు తిరిగి లహరిని కళ్లతో కాల్చేస్తోంది. ఫోను పెట్టేశాక సంగతి బయటపడింది. పొద్దున్నే నలుగు పెట్టారు. పైపైన కాదు, శుభ్రంగా పెట్టారు. పిల్ల కేకలు పెట్టింది. ముఖమంతా కందిపోయింది.

"బ్రష్ పట్టుకున్నది నువ్వే కదా," అంది మేడం.

లహరి విన్నది నిజమేనా అన్నట్టు చూసింది. మీరే కదా కానియ్యమన్నది అని అడిగింది. పక్కనే నిలబడి చూశారు కదా అని కూడా అంది. మేడం అవేవీ వినిపించుకోలేదు. నేనంటే అకాడమీ, అకాడమీ పేరు పోతే నీ బ్రాంచీ లేదు, మీ సర్టిఫికెట్లకీ విలువ లేదు, అంతగా అయితే నేర్చుకునే పిల్ల, ఒక నిమిషం ఎక్కువ ఉంచేసిందని చెప్పుకోవచ్చు అంది. కలబంద జెల్ డబ్బా, ఐసు ప్యాకు సంచిలో వేసి చేతికిచ్చింది. ఇంటికెళ్లి, తప్పు తనదేనని చెప్పి, కాళ్లు పట్టుకునైనా సర్దిచెప్పి రమ్మంది. జాయిస్ తువ్వాళ్లు మడతపెడుతూ తల వంచుకుంది.

ఒళ్లు మండిపోయింది లహరికి. ఇన్నాళ్లూ తన ముఖం వాడుకున్నారు, ఇప్పుడు పేరు కూడా వాడుకుంటున్నారు. వెళ్లనని చెప్పి ఇంటికి పోదామనుకుంది. కాని అక్కడ ఒక పిల్ల ముఖం మండుతోంది, ఆ ముఖాన బ్రష్ వేసింది తను. తిట్టుకుంటూనే కిందికి దిగి ఆటో ఎక్కింది.

ఆటో అపూర్వ వాళ్ల వీధి మలుపు తిరుగుతుండగా మేడం మళ్లీ ఫోను చేసింది. గొంతు మారిపోయింది, చక్కెర పోసినట్టుంది.

"లహరీ, ఏం చెప్పకు. వాళ్లు మన మీద అనుకోవట్లా. ముసలావిడ పిండి మీద అనుకుంటున్నారు. మిరపకాయలాడే మరలో ఆడించిందట, కారం కలిసిందంటున్నారు. కామేశ్వరిగారే చెప్పింది. నువ్వు జెల్ రాసేసి నోరు మూసుకుని వచ్చెయ్. శనివారం మంచి చీర కట్టుకుని రా."

లహరికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఎండు మిరపకాయలు ఆడేవి, పసుపు కొమ్ములు ఆడేవి, పిండి ఆడేవి ఆ చుట్టుపక్కల అన్నీ అవే మరలు. ఎవరైనా నమ్ముతారు. తను కూడా విని ఉంటే నమ్మేది.

*

వీధిలో షామియానా వేసి ఉంది. గుమ్మానికి మామిడాకులు పచ్చగా ఉన్నాయి గాని లోపల ఎవరి ముఖాలూ అలా లేవు. హాల్లో చుట్టాలు గుంపుగా చేరి మరల గురించి మాట్లాడుకుంటున్నారు. మిరపకాయలు ఆడాక మరను దులపకపోతే వారం రోజులు ఘాటు పోదని ఒకాయన, గుంటూరులో తమ బంధువుల ఇంట్లోనూ ఇలాగే జరిగిందని ఇంకొకావిడ. అపూర్వ తండ్రి బాలసుబ్రహ్మణ్యం మధ్యలో నిలబడి, బజార్లో ప్యాకెట్లు దొరుకుతుంటే ఈ చాదస్తం ఎందుకని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానని, అమ్మ వింటేనా అని అందరికీ విడివిడిగా చెబుతున్నాడు. సాయంత్రం మగపెళ్లివారి తరఫు ఆడవాళ్లు పిల్లని చూడటానికి వస్తారట. ఏ ముఖం చూపించాలి?

కామేశ్వరి లహరిని చూడగానే పార్లరమ్మాయి, మంట తగ్గడానికి పిలిచాం అని అందరికీ వినపడేట్టు చెప్పి, లోపలి గదిలోకి తోసినంత పని చేసి తలుపేసింది.

అపూర్వ మంచం మీద కూర్చుని ఉంది. నుదురూ బుగ్గలూ ఎర్రగా కందిపోయాయి. గడ్డం దగ్గర రెండుచోట్ల చర్మం లేచి చెమ్మగా ఉంది. లహరి కళ్లకి కారం తగిలినట్టయింది. నిన్న ఎంత నున్నగా తుడిచిందో అంత ముఖమూ అలా అయింది. జెల్ డబ్బా మూత తీసి వాసన చూసి మళ్లీ బిగించేసింది. అందులో సెంటు ఉంది, లేచిన చర్మానికి అది ఇంకో మంట. చల్లటి మంచినీళ్లు, మెత్తటి శుభ్రమైన గుడ్డ కావాలని అడిగింది. స్కిన్ డాక్టరుకి ఇవాళే చూపించాలని కూడా చెప్పింది. కామేశ్వరి గుడ్డ కోసం వెళ్లగానే అపూర్వ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏం చెప్పకండి ప్లీజ్. నాన్నకి తెలిస్తే ఇంత మందిలో అమ్మని నిలబెట్టి అడుగుతారు. ఆదివారం గడిస్తే చాలు."

"మామ్మగారికి చెప్పారా నిన్న?"

"ఎలా చెప్తానండి?" అంది అపూర్వ. ఏడిస్తే కన్నీళ్లు మండుతాయని తల పైకెత్తి కూర్చుంది.

ఎవరూ ఎవరికీ చెప్పరు. మేడం కామేశ్వరికి చెప్పింది, ఆవిడ నవ్వేసి ఊరుకుంది, తను పిల్లకు చెప్పింది, పిల్ల సరేనంది. అందరూ చెప్పేసి చేతులు దులుపుకున్నారు. లహరికి వాళ్లందరి మీదా, తన మీదా కలిపి పిచ్చికోపం వచ్చింది. గుడ్డ ఎంతకీ రాకపోతే గిన్నె పట్టుకుని తనే నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లింది.

కుళాయి పక్కన పీట మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పసుపు రాసుకున్న పాదాలు, కొత్త నేతచీర, చేతుల్నిండా గాజులు. పెళ్లికూతురి మామ్మ అమ్మణ్ణిగారు. పెళ్లింట్లో ఆవిడ చుట్టూ పదిమంది ఉండాలి. ఒక్కరూ లేరు. ఆవిడ భర్త దత్తాత్రేయగారు మాత్రం కాస్త దూరంలో కుర్చీలో కూర్చుని పేపరు పట్టుకున్నాడు, చదవడం లేదు. ఆవిడ ముందు ఇత్తడి పళ్లెంలో నలుగుపిండి ఉంది. అందులోంచి తీసి, నీళ్లు చిలకరించి, ఆవిడ తన చెంపకే వేసి రుద్దుకుంటోంది. ఒకసారి రాసి ఆగడం కాదు. రుద్దుతోంది, కాసేపు ఆగి ఏమైనా తెలుస్తుందా అన్నట్టు చూస్తోంది, మళ్లీ రుద్దుతోంది. ముడతల మధ్య చర్మం ఎర్రబడిపోయింది.

లహరి గబగబా వెళ్లి చెయ్యి పట్టుకుంది. మామ్మగారూ, ఏంటండీ అది, అంది.

"నువ్వెవరమ్మా? పార్లరమ్మాయివా? మంచిదే, నువ్వు చూసి చెప్పు." అమ్మణ్ణిగారు పిండి వేళ్ల మధ్య నలిపి ఆమె ముక్కు దగ్గర పెట్టింది. "కారం ఘాటు వస్తోందా? మరలో ముందు దోసెడు బియ్యం పోయించా. ఆ పిండి పారబోయించాకే నా దినుసులు వెయ్యనిచ్చా. పక్కనే నిలబడ్డా. అయినా కళ్లు సరిగా ఆనవు కదా, ఎక్కడో ఉండిపోయిందేమో. నాకేం మండట్లేదు. ఇంతసేపట్నుంచి రుద్దుతున్నా, మండట్లేదే."

పిండి కచ్చూరాల వాసన వేస్తోంది, ఎండిన గులాబీ రేకుల వాసన కూడా. కారం లేదు. లహరి లేదండి అంది. అయితే పిల్లకి ఎందుకలా అయిందని ఆవిడ అడిగింది. లహరి చేతిలో గిన్నె కుళాయి కింద పెట్టింది. ఆవిడ ఇక అడగకుండా ఇంకాస్త పిండి తీసుకుని రెండో చెంపకు రాసుకోబోయింది.

లహరి ఆ పళ్లెం లాక్కుంది. లాక్కుని అలాగే హాల్లోకి నడిచింది. నీళ్లగిన్నె కుళాయి కిందే ఉండిపోయింది. కామేశ్వరి ఎదురొచ్చి కళ్లతోనే వద్దంది. లహరి ఆవిడను దాటుకుని వెళ్లి బాలసుబ్రహ్మణ్యం ముందు నిలబడింది.  

"పిండిలో ఏం లేదండి. నిన్న మీ అమ్మాయిగారి ముఖానికి మా దగ్గర పీల్ చేసాం. ఆమ్లంతో చర్మం పై పొర తీసే పని. నేనే చేసా. మర్నాడు దాని మీద ఏ పిండి రుద్దినా ఇలాగే అవుద్ది. మరకేం సంబంధం లేదు."

మరల గురించి మాట్లాడుతున్న వాళ్లంతా ఆగిపోయారు. బాలసుబ్రహ్మణ్యం మొదట ఆమెనూ, తరవాత భార్యనూ చూశాడు. లోపల్నుంచి అపూర్వ తలుపు తీసుకుని వచ్చి నిలబడింది. నిజమేనా అని తండ్రి అడిగితే తలూపింది. నీకెవరు చెప్పమన్నారే అని కామేశ్వరి లహరి మీద విరుచుకుపడింది, మీ మేడంతో మాట్లాడుకున్నాం కదా అంది. అంటూనే అది కూడా బయటపెట్టేశానని ఆవిడకే అర్థమై ఏడుపు అందుకుంది. ఏం చెయ్యమంటారు, అత్తయ్యకి చెప్పడం ఎవరి తరం, నలుగొద్దంటే ఊరుకుంటుందా, అని భర్తను అడిగింది.

అమ్మణ్ణిగారు అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. ఒక చెంపకి ఇంకా పిండి అంటుకునే ఉంది.

"నన్నడిగారటే?" అంది.

కామేశ్వరి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నా పెళ్లికి పదిరోజుల ముందు నాకు ఆటలమ్మ పోసింది. ముఖాన మచ్చలు పచ్చిగా ఉన్నాయి. మా అమ్మ పాదాలకి నలుగు పెట్టి, శాస్త్రానికి ఇది చాల్లే అంది. చాలింది కూడా, మీ మామగారు పెరట్లోనే ఉన్నారుగా. దీనికీ పాదాలకే పెట్టి ఊరుకునేదాన్ని. నాకు చెబితే కదా." ఆవిడ లహరి వైపు తిరిగింది. "నీకు తెలుసు కదమ్మా నిన్ననే. తెలిసీ ఎందుకూరుకున్నావు? ఒక్క ఫోను చేస్తే అయిపోయేది."

"మీరు వినరన్నారండి," అంది లహరి.

"నాతో ఒక్కసారైనా అని చూశారా?"

 నిజం చెప్పినందుకు ఆవిడైనా తనను మంచిగా చూస్తుందని లహరి లోపలెక్కడో ఆశపడింది. ఆవిడ అందరితో పాటే తననూ నిలబెట్టి అడిగింది. అడగాల్సిందే. చేతిలో పళ్లెం బరువుగా అనిపించి టీపాయి మీద పెట్టేసింది.

ఆ తరవాత జరగాల్సినవి జరిగాయి. బాలసుబ్రహ్మణ్యం ఎవరి మీదా అరవకుండా కారు తెప్పించమన్నాడు. కీసర టోల్ గేటు దగ్గర రద్దీ ఉన్నా గంటలో విజయవాడ చేరొచ్చని ఎవరో స్కిన్ డాక్టరు పేరు చెప్పారు. పెళ్లికూతురు గడప దాటడమేంటని ఒకావిడ సణిగింది గాని ఎవరూ పట్టించుకోలేదు. లహరి తడిగుడ్డ అపూర్వ ముఖం మీద ఎలా అద్దాలో, తుడవకుండా ఎలా ఉంచాలో కామేశ్వరికి చూపించింది. కామేశ్వరి ఆమె ముఖం చూడకుండానే నేర్చుకుంది. కారు వెళ్లిపోయాక చుట్టాలు రెండు రెండుగా విడిపోయి, ఈసారి పార్లర్ల గురించి మొదలుపెట్టారు.

ఫోను మోగింది. మేడం. లహరి షామియానా కిందికి వచ్చి ఎత్తింది.

"చెప్పేసా మేడం," అంది, అవతల ఏమీ అడగకముందే.

మేడం చాలాసేపు మాట్లాడింది. ఇన్నాళ్లు నేర్పినందుకు మంచి బుద్ధి చూపించావంది. బ్రాంచి జాయిస్‌కి ఇస్తానంది, శనివారం రావద్దంది, ఇంకెప్పుడూ రావద్దంది. లహరి ఊఁ కొట్టకుండా విని, ఫోను పెట్టేసింది.  ఇంటికెళ్లి ఏం చెప్పాలి? అమ్మ పక్కింటికి వెళ్లి ఏం చెప్పుకుంటుంది? చేతిలో కాయితం లేదు. చేతికి పని వచ్చని చెప్పడానికి ఎవరి ముఖమూ లేదు. ఒక్క ముఖం ఉంది, దాన్ని చూపించి ఎవరూ పని ఇవ్వరు. షామియానా గుంజ పట్టుకుని కాసేపు నిలబడి, ఏడుపు వస్తుందేమోనని చూసింది. ఏడుపు కంటే విసుగే ఎక్కువ వచ్చింది.

సంచి కోసం లోపలికి వెళ్తే పెరట్లో అమ్మణ్ణిగారు మళ్లీ ఆ పీట మీదే కూర్చుని ఉంది. వెలివేసినట్టు కాదు, ఇక లేచే ఓపిక లేనట్టు. చెంప మీద పిండి ఎండి పెచ్చులు కట్టింది. లహరి కుళాయి కింద ఉన్న గిన్నె తీసి కడిగి, మంచినీళ్లు పట్టింది. కర్చీఫు తడిపి, మెల్లగా అద్దుతూ ఆ పిండంతా నానబెట్టి తీసేసింది. కింద చర్మం బాగా కమిలి ఉంది. ఇంకోసారి గుడ్డ ముంచి పిండి, ఆవిడ చెంపకు ఆనించి, అరచేత్తో పట్టుకుంది. ఆవిడ కళ్లు మూసుకుంది.

"మండుతోందే అమ్మాయ్," అంది అమ్మణ్ణిగారు, అంతసేపటికి.

తెలుసండి అంది లహరి, గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచుతూ.